గుడ్ల పెట్టా, పొదిగే పెట్టా? పెరట్లో కోళ్లు పెంచాలనుకునేవారికి

ఇంటి వెనక కాస్త ఖాళీ ఉంది, వంటింట్లో కూరగాయ తొక్కలు, మిగిలిన అన్నం రోజూ చెత్తబుట్టలోకి పోతున్నాయి, పిల్లలకి ఇంటి గుడ్లు పెడితే బాగుంటుంది. ఇలా అనుకుని నాలుగు కోళ్లు తెచ్చుకుందామనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "ఏ రకం మంచిదండీ?" నేను వెంటనే జవాబు చెప్పను. ఎదురు ప్రశ్న వేస్తాను. మీకు కావలసింది రోజూ గుడ్లా, లేక మళ్లీ మళ్లీ పిల్లలు కొనక్కర్లేకుండా తనంతట తాను పెరిగే మందా? ఈ రెండూ ఒకే పెట్టలో దొరకవు.

కారణం చాలా మామూలుది. పెట్టకి పొదుగు మీదికి మనసు వెళ్లిందంటే గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. 21 రోజులు గుడ్ల మీద కూర్చుంటుంది, పిల్లలు దిగాక ఇంకో రెండు నెలలు వాటిని వెంటేసుకుని తిరుగుతుంది. అంటే విడతకి దాదాపు మూడు నెలలు గుడ్డు ఉండదు. ఎక్కువ గుడ్లు పెట్టే జాతుల్ని తయారుచేసినవాళ్లు తరాల తరబడి పొదుగు గుణం లేని పెట్టల్నే ఎంచుకుంటూ వచ్చారు. అందుకే బాగా పెట్టే కోడికి పొదగడం తెలియదు. పొదగడం తెలిసిన కోడి ఎక్కువ పెట్టదు.

మాది పశ్చిమ గోదావరిలో ఒక చిన్న టౌను శివారు. ఇంటి వెనక మూడు సెంట్లు ఉంటుంది. ఆరేళ్ల కిందట మొదలుపెట్టినప్పుడు నాకు ఈ సంగతి తెలియదు. లెక్కలు చూసుకుని గ్రామప్రియ అనే గుడ్ల రకం పిల్లలు తెచ్చాను. గుడ్లు బాగానే వచ్చాయి. మా అత్తయ్యగారు మాత్రం ఏడాదంతా చూసి, "పొదగని పెట్ట పెట్టేంటమ్మా?" అన్నారు. అప్పుడు నవ్వుకున్నాను. రెండో ఏడాది గుడ్లు తగ్గి, మళ్లీ పిల్లల కోసం డబ్బు కట్టాల్సి వచ్చినప్పుడు ఆవిడ మాట అర్థమైంది.

నాటుకోడి

మన ఊళ్లలో గంప కింద పెరిగే మామూలు నాటు పెట్ట విడతకి పన్నెండు, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. ఏడాదికి మూడు నాలుగు విడతలు. మొత్తం కలిపి 50, 60 గుడ్లు వచ్చాయంటే మంచి పెట్టే. గుడ్డు కూడా చిన్నది, 40 గ్రాములు ఉంటుంది. లెక్క చూస్తే నష్టమే అనిపిస్తుంది.

కానీ నాటుకోడికి మీరు చెయ్యాల్సిన పని చాలా తక్కువ. తిండి తనే వెతుక్కుంటుంది. పురుగులు, చెదలు, గడ్డి గింజలు, కుళ్లిన పండ్లు, ఏది దొరికితే అది. పైన గద్ద నీడ పడితే పెట్ట ఒక్క అరుపు అరుస్తుంది, పిల్లలన్నీ చెట్టు మొదట్లోకి దూరిపోతాయి. ఈ తెలివి మీరు నేర్పేది కాదు, కొనేదీ కాదు. ఎండని బాగా తట్టుకుంటుంది. రోగాలు కూడా కొంచెం తక్కువే. అయితే కొక్కెర తెగులు (కోళ్లని మందలకి మందలే చంపే వైరస్ జబ్బు) వచ్చినప్పుడు నాటుకోడి, ఫారం కోడి అని తేడా ఉండదు. "నాటుకోడికి టీకా ఎందుకు" అని వదిలేసినవాళ్ల మంద రెండు రోజుల్లో తుడిచిపెట్టుకుపోవడం నేను చూశాను.

గ్రామప్రియ, వనరాజ, శ్రీనిధి, రాజశ్రీ

మొదటి మూడూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకాలు. రాజశ్రీ కూడా రాజేంద్రనగర్‌లోనే పుట్టింది, పశువైద్య విశ్వవిద్యాలయం వైపు నుంచి వచ్చింది. చూడ్డానికి రంగురంగుల ఈకలతో నాటుకోడిలాగే ఉంటాయి. కాబట్టి సంతలో వీటినే నాటుకోళ్లని చెప్పి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు.

వీటిలో గుడ్ల కోసమైతే గ్రామప్రియ. పెరట్లో తిరుగుతూ, కాస్త దాణా వేస్తే ఏడాదికి 160 నుంచి 180 దాకా పెడుతుంది. గోధుమరంగు గుడ్డు, సైజు కూడా బాగుంటుంది. శ్రీనిధి 140, 150 పెడుతుంది, మాంసం కూడా వస్తుంది. రాజశ్రీ కూడా దాదాపు ఈ వరసలోదే. వనరాజ మాత్రం ప్రధానంగా బరువు కోసం. గుడ్లు 100, 110 వస్తాయి, పుంజులు మాత్రం మూడు నెలలకే కూరకి అందుతాయి. వనరాజతో నాకు ఒక ఇబ్బంది ఉంది. అది తిండిబోతు. జాలిపడి మిగిలిన అన్నమంతా వేస్తే కొవ్వు పడుతుంది, కొవ్విన పెట్ట గుడ్లు తగ్గిస్తుంది. పైగా బరువు వల్ల కుక్క వెంటపడితే గోడ మీదికి ఎగరలేదు.

కొనేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇవన్నీ వేరు వేరు వరసల్ని కలిపి పుట్టించిన సంకర కోళ్లు. మీ గ్రామప్రియ గుడ్లని ఇంట్లోనే పొదిగించినా వచ్చే పిల్ల తల్లి అంత పెట్టదు. ఆ గుణాలు తర్వాతి తరంలో చెదిరిపోతాయి. అంటే ప్రతి రెండేళ్లకీ మళ్లీ హేచరీ వైపు చూడాల్సిందే.

ఫారం కోళ్లు, బీవీ 380

బోనులో పెట్టి పూర్తి దాణా వేస్తే బీవీ 380 లాంటి గోధుమ గుడ్ల కోడి ఏడాదికి 300 పైన పెడుతుంది. ఇది వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆ 300 గుడ్లు దాణాలోంచి వస్తాయి, మీ పెరట్లోంచి కాదు. రోజుకి 110 గ్రాముల లెక్కన సమతుల దాణా పడాలి. తవుడు, నూకలు వేసి వదిలేస్తే ఆ కోడి తన ఒంట్లో సున్నం తీసి గుడ్డుకి పోస్తుంది, చివరికి కాళ్లు చచ్చుబడి కూర్చుండిపోతుంది. పెరట్లో తిరిగే స్వేచ్ఛ ఇస్తున్నాం కదా అని సరిపెట్టుకుంటే కుదరదు. ఫారంలో గుడ్లు తగ్గాక తీసేసే పాత కోళ్లు చవగ్గా వస్తాయి. వాటిని పెంపకానికి తెచ్చుకోవద్దు. ముక్కు కత్తిరించి ఉంటుంది, గీరుకుని తినడం తెలియదు, సగం ఈకలుండవు.

గుడ్డు రంగు గురించి ఇక్కడే చెప్పేస్తాను. పెంకు గోధుమరంగులో ఉంటే నాటుగుడ్డు అనుకుని ఎక్కువ డబ్బులు పెట్టేవాళ్లు చాలామంది. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, బలాన్ని బట్టి కాదు. పచ్చసొన ముదురుగా ఉండటం తిన్న ఆకుకూర, మొక్కజొన్న వల్ల. తెల్ల గుడ్లు పెట్టే లెగ్‌హార్న్ ఫారం కోడికి రోజూ మునగాకు వేసి చూడండి, దాని సొన కూడా ముదురుగానే వస్తుంది.

కడక్‌నాథ్, అసీల్: సరదా కోసమైతే సరే

కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒళ్లంతా నలుపు, మాంసమూ నలుపే. గుడ్డు నల్లగా ఉంటుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి, అది లేత గోధుమరంగులోనే ఉంటుంది. గుడ్లు నూరు కూడా రావు, పొదగడంలోనూ దాన్ని నమ్ముకోలేం. ధర మాత్రం ఎక్కువ. ఇంటికి గుడ్ల కోసమైతే ఇది నా సలహా కాదు.

అసీల్ మన గోదావరి, కృష్ణా జిల్లాల గర్వం. డేగ, కాకి, నెమలి అని రంగుల్ని బట్టి పేర్లు పెట్టి మురిసిపోయే కోడి. పెట్ట ఏడాదికి 30, 40 గుడ్లకి మించి పెట్టదు, కానీ పొదగడంలో, పిల్లల్ని కాపాడడంలో దానికి సాటి లేదు. అయితే పిల్లలు నెలా రెండు నెలలకే ఒకదాన్నొకటి రక్తం వచ్చేలా పొడుచుకుంటాయి. చిన్న పెరట్లో వాటిని విడివిడిగా కట్టలేక మీకే విసుగొస్తుంది. సంక్రాంతి దగ్గరపడితే పుంజు కోసం ఇంటికొచ్చి బేరమాడేవాళ్ల బాధ వేరే. రాత్రి దొంగలు పడే భయం కూడా ఉంటుంది.

రోజు పిల్లా, నెలన్నర పిల్లా?

రకం కన్నా ఇదే ఎక్కువ ముఖ్యమని నాకు దెబ్బతిన్నాక తెలిసింది. మొదటిసారి ఒక్కరోజు వయసున్న పిల్లలు (వీటినే రోజు పిల్లలంటారు) ఇరవై తెచ్చాను. చవక కదా! అట్టపెట్టెలో వరి ఊక పోసి, పైన బల్బు వేలాడదీసి బ్రూడర్ చేశాను. నాలుగో రాత్రి గాలివాన, కరెంటు పోయింది. తెల్లారి చూస్తే పిల్లలన్నీ ఒక మూలకి గుమిగూడి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి, అడుగునున్న ఏడు చనిపోయాయి. మిగిలిన పదమూడింట్లో పెద్దయ్యాక చూస్తే ఆరు పుంజులు! హేచరీ నుంచి వచ్చే పెరటి రకం రోజు పిల్లలు సాధారణంగా పెట్టలు, పుంజులు కలిపే వస్తాయి, సగానికి సగం పుంజులు తేలతాయని ముందే లెక్కేసుకోవాలి.

రోజు పిల్లలే తెస్తానంటే బ్రూడర్‌లో మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 35 సెంటీగ్రేడ్ వేడి ఉండాలి. తర్వాత వారానికి 5 డిగ్రీల ఫారెన్‌హీట్ చొప్పున తగ్గించాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ముద్దలా చేరితే చలి, అంచులకి పోయి నోరు తెరిస్తే వేడి, అంతటా చెదిరి తింటుంటే సరిపోయింది. పిల్లకి రెండు వాట్ల లెక్క. ఈ రోజుల్లో ఇంట్లో ఉండే ఎల్‌ఈడీ బల్బు వెలుతురే ఇస్తుంది, వేడి ఇవ్వదు. పాతకాలపు ఫిలమెంటు బల్బు వెతికి తెచ్చుకోవాలి. కరెంటు పోతే వాడడానికి వేడినీళ్ల సీసాలు, గోనెసంచులు దగ్గర పెట్టుకోండి.

నెలన్నర పిల్లలు రెండు మూడింతల ఖరీదు పడతాయి. కానీ బ్రూడింగ్ టెన్షన్ అయిపోయి ఉంటుంది, మొదటి టీకాలు వేసి ఉంటాయి, పుంజూ పెట్టా తేడా జుట్టు చూసి చెప్పొచ్చు. మొదటిసారి పెంచేవాళ్లకి నేను ఇదే చెబుతాను. అమ్మేవాళ్లని ఏ టీకా ఏ తేదీన వేశారో రాసిమ్మనండి. నీళ్లు నమిలితే తీసుకోకండి.

ఇంకో దారి గుడ్లకి వచ్చిన ఐదు నెలల పెట్టలు. డబ్బు బాగా పెట్టాలి, కొత్త చోటికి అలవాటు పడేదాకా పది, ఇరవై రోజులు గుడ్డు రాకపోవచ్చు. పెద్దవాళ్లు, ఓపిక లేనివాళ్లు ఉన్న ఇంటికి ఇది బాగుంటుంది.

అన్నిటికన్నా తేలికైన దారి పొదుగు మీదున్న నాటు పెట్ట. చీకటి పడ్డాక దాని కింద రోజు పిల్లల్ని మెల్లగా దూర్చితే చాలాసార్లు తన పిల్లలే అనుకుని పెంచేస్తుంది. బల్బూ వద్దు, కరెంటు భయమూ వద్దు.

గుడ్డు ఎంతకి పడుతుంది?

ఇంట్లో పెంచితే గుడ్డు చవకని చాలామంది అనుకుంటారు. కాగితం మీద లెక్క వేసి చూడండి. దాణా కిలో 35 రూపాయలనుకుందాం. బోనులో ఉండే ఫారం కోడి ఏడాదికి 40 కిలోలు తింటుంది, 1400 రూపాయలు. 300 గుడ్లకి పంచితే గుడ్డుకి 4 రూపాయల 67 పైసలు. గ్రామప్రియకి పెరట్లో తిరుగుతుంది కాబట్టి రోజుకి 60 గ్రాములు చాలనుకుంటే ఏడాదికి 22 కిలోలు, 770 రూపాయలు. 160 గుడ్లకి పంచితే గుడ్డుకి 4 రూపాయల 81 పైసలు. నాటు పెట్టకి రోజుకి 30 గ్రాముల నూకలో జొన్నలో కిలో 30 చొప్పున వేస్తే ఏడాదికి 330 రూపాయలు, 50 గుడ్లకి పంచితే గుడ్డుకి 6 రూపాయల 60 పైసలు. మీ ఊరి ధరలు వేసుకుంటే అంకెలు మారతాయి. దీనికి గూడు ఖర్చు, పిల్లల ఖరీదు, చచ్చిపోయినవాటి లెక్క కలపాలి.

అంటే కొట్టు గుడ్డు కన్నా చవగ్గా రాదు. అయినా నేను ఎందుకు పెంచుతున్నానంటే చెత్త తగ్గింది, ఎరువు వస్తోంది, గుడ్డు ఎక్కడిదో తెలుసు. నాటు పెట్ట గుడ్డు ఖరీదుగా కనిపించినా, ఆ పెట్టే ఏడాదికి పది, పదిహేను పిల్లల్ని పెంచి ఇస్తుంది. ఆ లాభం పై లెక్కలో లేదు.

దాణా తగ్గించుకోవాలంటే పాత పద్ధతులు బాగా పనిచేస్తాయి. కుండలో పేడ, ఎండుగడ్డి కాస్త తడిపి నింపి, చెదలు ఉన్నచోట బోర్లిస్తే ఒకటి రెండు రోజుల్లో చెదపురుగులు పడతాయి. పిల్లలకి అంతకన్నా మాంసకృత్తులు ఎక్కడ! నీడలో చిన్న నీళ్ల గుంతలో అజొల్లా (నీటి మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క, కోళ్లు తింటాయి) పెంచుకోవచ్చు. గుడ్డు పెంకులు, నత్తగుల్లలు పొడి చేసి విడిగా ఒక మూకుడులో పెట్టండి, పెట్టకి ఎంత కావాలో అది తింటుంది. ఇంట్లో మిగిలింది ఏదైనా వేసేయొచ్చనుకోకండి. ఊరగాయ, ఉప్పు ఎక్కువైన కూర, బూజు పట్టిన వేరుశనగ చెక్క వేయకూడదు. గుడ్ల కోళ్ల దాణా పిల్లలకి పెట్టకూడదు. అందులో సున్నం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలు చెడతాయి.

గూడు, పుంజు, పక్కింటివాళ్లు

గూటి మీద డబ్బు తగ్గించుకోకండి. షట్కోణపు గళ్ల సన్న వల కోడిని లోపల ఆపుతుంది కానీ కుక్కనీ ముంగిసనీ బయట ఆపలేదు. అరంగుళం గళ్ల గట్టి ఇనుప వల (వెల్డ్ మెష్) ఖరీదైనా అదే వేయించండి. లేకపోతే జెర్రిపోతు గుడ్లకి వస్తుంది, బావురుపిల్లి కోడికే వస్తుంది. రాత్రి పడుకోవడానికి కోడికి ఒకటి, ఒకటిన్నర చదరపు అడుగు చాలు. నేల మీంచి రెండడుగుల ఎత్తులో ఉంటే తేమ రాదు. రేకు కప్పు వేస్తే మే నెలలో కొలిమే, పైన తాటాకు పరవండి. ఆకుకూర మడులు ఉంటే మాత్రం కంచె కోళ్లకి కాదు, మడులకి వేయాలి. నా తోటకూర మడి ఒక్క మధ్యాహ్నంలో దుక్కిదున్నినట్టయింది. కోడిపెంట పచ్చిగా కరివేపాకు మొదట్లో వేస్తే మొక్క మాడిపోతుంది. ఎండాకులతో కలిపి రెండు మూడు నెలలు మాగనివ్వండి.

గుడ్లకి పుంజు అక్కర్లేదు. పక్కింట్లో చంటిపిల్లలుంటే, గోడ కలిసి ఉంటే పుంజు వద్దు. తెల్లవారుజామున మూడున్నరకి మొదలుపెడుతుంది. పొదిగించాలంటే ఊళ్లో పుంజు ఉన్న ఇంటినుంచి గుడ్లు తెచ్చి పెట్ట కింద పెట్టుకోవచ్చు. మీ మునిసిపాలిటీలో కోళ్ల మీద నిబంధనలేమైనా ఉన్నాయేమో కొనకముందే అడగండి.

టీకాల్లో కొక్కెర తెగులుకి వేసే లసోటా ఐదు నుంచి ఏడో రోజుల్లో కంట్లో ఒక చుక్క, మళ్లీ నాలుగో వారంలో ఒకసారి. ఎనిమిదో వారంలో అదే తెగులుకి ఆర్2బి అనే టీకా సూది. మశూచి టీకా ఆ దగ్గర్లోనే. సీసా వంద, రెండొందల కోళ్లకి వస్తుంది, ఆరు కోళ్ల కోసం తెరిస్తే వృథా. కాబట్టి వీధిలో కోళ్లున్నవాళ్లంతా ఒకే రోజు వేయించుకునేలా పశువుల ఆస్పత్రిలో మాట్లాడుకోండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఫారాల సంగతే అందరూ మాట్లాడారు. వ్యాధి తేలిన చోటినుంచి కిలోమీటరు లోపల ఉంటే పెరటి కోళ్లని కూడా తీసేస్తారని చాలామందికి అప్పుడే తెలిసింది. కోళ్లు వరసగా చచ్చిపోతుంటే దాచకుండా వెంటనే చెప్పాలి, చచ్చినదాన్ని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మరి ఏది తెచ్చుకోవాలి?

ఇంట్లో నలుగురుండి రోజూ గుడ్లు కావాలి, పుంజు కుదరదు అంటే నాలుగు గ్రామప్రియ పెట్టలు, నెలన్నర వయసువి. చుట్టూ ఖాళీ, చెట్లు ఉన్న పల్లెటూరి ఇల్లయితే నాటుకోళ్లే తెచ్చుకోండి, రెండు పెట్టలు, ఒక పుంజు. రెండేళ్లకోసారి పుంజుని మార్చండి, లేకపోతే ఒకే రక్తం తిరిగి పిల్లలు బలహీనపడతాయి. మేడ మీద డాబా మాత్రమే ఉన్నవాళ్లు ఎండాకాలం గుర్తు తెచ్చుకుని ఇంకోసారి ఆలోచించండి.

మా ఇంట్లో మూడేళ్ల నుంచి నడుస్తున్నది కలగలుపు. మూడు గ్రామప్రియలు, రెండు నాటు పెట్టలు, ఒక నాటు పుంజు. గ్రామప్రియ గుడ్లు వంటింటికి. నాటు పెట్ట పొదుగుకి కూర్చున్నప్పుడు దాని గుడ్లతో పాటు నాలుగైదు గ్రామప్రియ గుడ్లు కూడా కింద పెడతాను. వచ్చే పిల్లలు తల్లి అంత పెట్టవు కానీ నాటుకోడి కన్నా ఎక్కువే పెడుతున్నాయి. మళ్లీ కూర్చోవాలని మొండికేసే పెట్టని కింద గాలాడే బోనులో మూడు నాలుగు రోజులు గూటికి దూరంగా ఉంచితే మరిచిపోతుంది.

తెచ్చుకునేదుంటే సెప్టెంబరులో తెచ్చుకోండి. చలికాలమంతా పెరిగి ఫిబ్రవరికి గుడ్లకి వస్తాయి, మేలోపు ఎండకి అలవాటు పడతాయి. సంక్రాంతి ముందు మాత్రం కోళ్ల సంతకి వెళ్లకండి. ఆ నెలలో అన్నీ పందెం పుంజు ధరే చెబుతారు.